చెరకు సీమలో పేటెంటు చట్టం

చోడవరం పక్కనున్న బుచ్చయ్యపేట మండలం ఒకప్పుడు విశాఖపట్నం జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్ నుండి అనకాపల్లి జిల్లాలోకి వచ్చిన చెరకు ప్రాంతం. ఇక్కడి పంటకు గోవాడ సహకార చక్కెర కర్మాగారం ఒక దారిగా ఉంటూ వచ్చింది, అనకాపల్లి బెల్లం మార్కెట్టు మరొక దారి. ఏ ఆవిష్కరణకు పేటెంటు దక్కుతుంది, దేనికి దక్కదు అన్న ప్రశ్న చరిత్రలో ఎలా తేలుతూ వచ్చిందో గ్రహించడానికి ఈ సీమలోని బెల్లం వంట మంచి ఆధారం.

గానుగాడిన రసాన్ని వెడల్పాటి పెనంలో పోసి, చెరకు పిప్పినే మంటకు వాడి మరిగిస్తారు. పులుపు విరగడానికి తగుమాత్రం సున్నం కలుపుతారు. మడ్డి పైకి తేలేందుకు బెండ మొక్కల జిగురు తోడ్పడుతుంది. పాకం చుక్కను చన్నీటిలో వేసి, వేళ్ల మధ్య అది ఉండకట్టే తీరును బట్టి పెనం దింపే అదను నిర్ణయిస్తారు. తొందరపడితే దిమ్మ గట్టిపడదు, ఆలస్యమైతే మాడి రంగు చెడుతుంది. ఇంతటి నేర్పుకూ పేటెంటు రాదు. ఎందుకంటే పేటెంటు అనేది ఆవిష్కరణ వివరాలను లోకానికి వెల్లడించినందుకు ప్రతిగా, అనుమతి లేకుండా ఇతరులు దానిని తయారు చేయకుండా, వాడకుండా, అమ్మకుండా ఆపేందుకు ప్రభుత్వం కొంత కాలానికి ఇచ్చే హక్కు. దానికి మూడు షరతులున్నాయి: విషయం కొత్తదై ఉండాలి, ఆ రంగంలో నిపుణుడికి ఇట్టే తట్టేది కాకూడదు, పరిశ్రమలో ఉపయోగపడాలి. తరతరాలుగా అందరికీ తెలిసిన వంట మొదటి షరతు వద్దే ఆగిపోతుంది.

భారతదేశంలో మొదటి పేటెంటు చట్టం 1856లో వచ్చింది. బ్రిటిష్ రాణి ముందస్తు అనుమతి లేకుండా చేశారన్న కారణంతో అది రద్దై, 1859లో తిరిగి వెలువడింది. 1911 చట్టం కొత్త ఉత్పత్తి విధానాన్ని ఆవిష్కరణగా నిర్వచించిందే తప్ప, ఏది ఆవిష్కరణ కాదో విడమరచి చెప్పలేదు. ఎన్. రాజగోపాల అయ్యంగార్ 1959లో ఇచ్చిన నివేదిక ఆధారంగా రూపొందిన 1970 చట్టం మూడవ సెక్షనులో ఆ జాబితాను చేర్చింది. ప్రకృతి నియమాలకు స్పష్టంగా విరుద్ధమైనవి, శాస్త్ర సూత్రాన్ని కేవలం కనుగొనడం, తెలిసిన పరికరాలను ఊరికే పక్కపక్కన అమర్చడం, వ్యవసాయ పద్ధతులు అందులో ఉన్నాయి. గాలికి చెరకు పడిపోకుండా జడచుట్టే పద్ధతిని ఎవరు ఎంత మెరుగుపరచినా అది ఎవరి సొత్తూ కాకపోవడానికి కారణం ఇదే.

అదే చట్టం మందులకు తయారీ విధానం మీదే తప్ప మందు మీద పేటెంటు ఇవ్వకపోవడంతో, వేరొక విధానంలో అదే మందును చేసుకునే వీలు కలిగింది. హైదరాబాదు ఔషధ పరిశ్రమ ఎదుగుదలకు ఇది గట్టి పునాది. 2005లో మందులకూ పేటెంటు వచ్చినా, తెలిసిన పదార్థపు కొత్త రూపం గుణాన్ని చెప్పుకోదగినంతగా పెంచకపోతే హక్కు లేదని చట్టం నిర్దేశించింది; 2013లో నోవార్టిస్ క్యాన్సర్ మందు కేసులో సుప్రీంకోర్టు దానినే ధ్రువీకరించింది.

సంప్రదాయ జ్ఞానం విషయంలో మేల్కొలుపు పసుపు వల్ల వచ్చింది. గాయాలు మాన్పే పసుపు గుణం మీద 1995లో అమెరికాలో ఇచ్చిన పేటెంటును భారత శాస్త్ర పారిశ్రామిక పరిశోధన మండలి సవాలు చేయగా, అది 1997లో రద్దయింది. 2002 సవరణ సంప్రదాయ జ్ఞానాన్ని మూడవ సెక్షనులో స్పష్టంగా మినహాయించింది. బెల్లం వంటను బయటివారు చేజిక్కించుకోకుండా ఇది కాపాడుతుంది. వండేవారికి మాత్రం దీనివల్ల ఒక్క రూపాయి కూడా అదనంగా రాదు. ఇది చట్టంలోని నిజమైన వెలితి.

పాత పనికి దొరకని హక్కు, ఆ పనిని సులువు చేసే యంత్రానికి దొరకవచ్చు. పోచంపల్లి చీరకు రంగులద్దే ముందు నూలును మేకుల చుట్టూ వేలసార్లు చేత్తో తిప్పే ఆసుపని పేటెంటుకు అందనిది. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం ఆ శ్రమను తొలగించడానికి చేసిన ఆసు యంత్రం మాత్రం పేటెంటు పొందింది. ఆ లెక్కన, తక్కువ పిప్పితో రసాన్ని మరిగించే కొత్త నిర్మాణపు పొయ్యికి బెల్లం సీమలోనూ అవకాశముంది. అయితే ఏ మెరుగుదలైనా పనివాడి మామూలు మార్పుచేర్పు స్థాయిని దాటాలని మీర్జాపూర్ పాత్రల తయారీ కేసులో 1978లో సుప్రీంకోర్టు తేల్చింది. పైగా నలుగురిలో బహిరంగంగా నడిపి చూపిన పొయ్యి సాధారణంగా కొత్తదనం కోల్పోతుంది కాబట్టి, ఆంధ్రప్రదేశ్ దరఖాస్తులను చూసే చెన్నై పేటెంటు కార్యాలయానికి కనీసం తాత్కాలిక వివరణ పత్రమైనా అంతకంటే ముందే చేరాలి. పూర్తి వివరణకు ఆ తర్వాత 12 నెలల గడువు ఉంటుంది.