కాలడిపేట: ఒక ఆంగ్లేయ గృహనామ చరిత్ర

ఉత్తర చెన్నపురిలో తిరువొత్తియూరు రాజవీథి ననుసరించి పోవువారికి మూడు పేరులు ఎదురగును. అవి సర్ త్యాగరాయ కళాశాల, తొండియార్‌పేట, కాలడిపేట. 2021 ఫిబ్రవరిలో ఈ మార్గమున మెట్రో రైలు నడువసాగిన పిదప ఈ మూడును రైలు నిలయముల పేరులు కూడ నైనవి. మొదటిది ఒక తెలుగు ప్రముఖుని పేరు. రెండవది ఒక సూఫీ మహనీయుని స్వస్థలమును బట్టి ఏర్పడినదని జనులు చెప్పు పేరు. మూడవది వినుటకు అచ్చ తమిళమువలె నున్నను, నిజమునకు ఒక ఆంగ్లేయుని ఇంటిపేరు. ఒక ఇంటిపేరు ఎట్లు పుట్టును, దాని యర్థమేమి, ఆ పేరు గలవారందరును ఒకే రక్తమువారా అను ప్రశ్నలకు ఈ కాలడిపేట చక్కని యుదాహరణము. ఈ విచారము మన తెలుగు ఇంటిపేరులకును మిక్కిలి అవసరమైనది.

కాలెట్ దొర, ఆయన పేట

జోసెఫ్ కాలెట్ 1673లో ఇంగ్లండున జన్మించెను. ఆయన బాప్టిస్టు శాఖకు చెందిన క్రైస్తవుడు. స్వదేశమున వర్తకములో నష్టపోయి, ఋణములు తీర్చుకొనుటకై ఈస్టిండియా కంపెనీ కొలువున తూర్పుదేశములకు వచ్చెను. సుమత్రా దీవిలోని బెంకూలెన్‌లో కొంతకాలము అధికారము నెరపి, 1717 జనవరి మొదలు 1720 జనవరి వరకు చెన్నపట్నమునకు గవర్నరుగా నుండెను. 1708లో నవాబు దావూద్ ఖాను తిరువొత్తియూరు మొదలగు ఐదు గ్రామములను కంపెనీ కొసగెను. అవి నడుమ చేజారిపోగా, ఢిల్లీ చక్రవర్తి ఫరూఖ్‌సియర్ 1717లో ఇచ్చిన ఫర్మానా బలముతో కాలెట్ వానిని మరల వశపరచుకొనెను.

ఆనాడు కంపెనీవారి వ్యాపారమునకు ప్రాణము బట్ట. నేతగాండ్రును, బట్టలపై రంగు చిత్రములు వేయు పనివారును కోటకు చేరువనున్నచో సరకు సకాలమున చేతికందును. ఈ యుద్దేశముతోనే కాలెట్ తిరువొత్తియూరు సమీపమున ఒక పేట కట్టించి, అట్టి పనివారిని అందు నిలిపెను. దానికి ఆయన గృహనామమే పెట్టబడి కాలెట్‌పేట యైనది.

ఈ పేరు కాలడిపేటగా మారుటకు కారణము తమిళ ధ్వనిసంప్రదాయము. తమిళమున అచ్చుల నడుమ ఒంటిగా నున్న టకారమును డకారముగా పలుకుదురు. పదము హల్లుతో ముగియుట వినుటకు కొత్తగా తోచి, చివర ఒక యిత్వము చేరినది. ఇట్లు రూపుమారిన పేరులో 'కాలు', 'అడి' అను తెలిసిన మాటలు వినవచ్చుటచే జనులకది తమ మాటయే యైనది. తెలియని పదమును తెలిసిన పదముగా మలచుకొనుట లోకసహజము. పేట నిలిచినది, పేరు నిలిచినది, పేరుగల మనిషి మాత్రము మరుగుపడినాడు.

కాలెట్ అనగా నేమి?

ఇంగ్లండులో వంశపారంపర్యముగా వచ్చు ఇంటిపేరులు 1066 నాటి నార్మనుల విజయమునకు పిమ్మట మెల్లగా వ్యాపించినవి. పదునాలుగవ శతాబ్ది నాటికి సామాన్యులలో కూడ అవి చాలవరకు స్థిరపడినవి. వానిని స్థూలముగా నాలుగు తెగలుగా విభజింతురు: ఊరిని లేక స్థలమును తెలుపునవి, తండ్రి పేరు నుండి వచ్చినవి, వృత్తిని తెలుపునవి, ఎగతాళికో గుర్తునకో పెట్టినవి. కాలెట్ అనునది రెండవ తెగకు చెందినది. నికొలస్ అను పేరునకు 'కాల్' అనునది ముద్దుపేరు. మహాలక్ష్మి నోట నోట నలిగి లచ్చి యైనట్లే, నికొలస్‌లో మొదటి భాగము జారిపోయి తుదిభాగము నిలిచినది. దానికి అల్పార్థకమైన 'ఎట్' ప్రత్యయము చేరి కాలెట్ ఏర్పడినది. కాలిన్, కాలిన్స్ మొదలగునవి దీని జ్ఞాతిపదములు. మూలమగు నికొలస్ గ్రీకు పదము; విజయము, ప్రజ అను రెండు మాటల సమాసము. ఇట్లు గ్రీకుదేశమున పుట్టిన మాట ఫ్రెంచి ప్రత్యయమును ధరించి, ఆంగ్లేయుని ఇంటిపేరై, తమిళుల నోట కాలడి యైనది.

పేరును, రక్తమును

ఇక కాలెట్ నామధారులందరును ఒకే మూలపురుషుని సంతతియా? మధ్యయుగమున నికొలస్ మిక్కిలి ప్రచారము గల పేరు. ఎన్నో గ్రామములలో ఎందరో నికొలసులుండిరి. వారి బిడ్డలు వేరువేరుగా కాలెట్ అను పేరును పొందియుందురు. కావున ఇట్టి పేరునకు ఒకే మూలపురుషుని వెదకుట తగదు.

ఈ విషయమును నేటి జన్యుశాస్త్రము చక్కగా పరీక్షించినది. వై అను క్రోమోజోము తండ్రి నుండి కుమారునకే సంక్రమించును; ఇంటిపేరును అట్లే. కనుక రెంటిని పోల్చిచూడవచ్చును. 2000వ సంవత్సరమున ఆక్స్‌ఫర్డు శాస్త్రజ్ఞుడు బ్రయన్ సైక్స్ తన ఇంటిపేరే గల 48 మంది పురుషులను పరీక్షింపగా, 21 మందిలో ఒకే విధమగు వై క్రోమోజోము కనబడినది. సైక్స్ అనగా ఇంగ్లండు ఉత్తరభాగమున చిన్న వాగు. వాగులెన్నో యున్నను, ఆ పేరుగలవారిలో ఇంచుమించు సగము మందికి ఒకే పూర్వికుడుండెనని దీనివలన తోచుచున్నది. మిగిలినవారి విషయమున దత్తత, రహస్య జననము, పేరు మార్పిడి, వేరు మూలము మొదలగు కారణములు చెప్పవచ్చును. 2009లో లెస్టరు విశ్వవిద్యాలయమున కింగ్, జాబ్లింగ్ అను పరిశోధకులు 40 ఇంటిపేరులను పరిశీలించిరి. అరుదగు పేరులవారిలో రక్తసంబంధము బలముగా కనబడినది. స్మిత్ వంటి సర్వసామాన్యమగు పేరు గలవారిలో అది కనబడలేదు. కమ్మరిపని ప్రతి యూరను కలదు గదా!

కాలెట్ దొర కథయే దీనికి మరియొక నిదర్శనము. 1716లో ఆమోయ్ చిన్‌క్వా అను చీనా శిల్పి పచ్చిమట్టితో ఆయన బొమ్మను చేసి రంగులద్దెను. ఆయన దానిని ఇంగ్లండులోని తన కుమార్తె ఎలిజబెత్‌కు పంపెను. ఆ బొమ్మ నేడు లండనులోని జాతీయ చిత్తరువుల శాలలో నున్నది. ఆంగ్లేయుల యాచారమున కుమార్తె పెండ్లితో తండ్రి ఇంటిపేరును విడుచును. రక్తము సాగును, పేరు ఆగును. కాలడిపేటలో దీనికి విపర్యయము: అచటివారికి కాలెట్ రక్తముతో సంబంధము లేదు, పేరు మాత్రము మూడువందల యేండ్లుగా సాగుచున్నది. పేరు పోవు త్రోవ వేరు, రక్తము పోవు త్రోవ వేరు.

తెలుగు ఇంటిపేరు

తెలుగువారి ఇంటిపేరులును పెక్కు విధములు. కందుకూరి, బహుజనపల్లి మొదలగునవి ఊరిని తెలుపును. చెన్నపట్నమున 1844లో క్రెసెంట్ పత్రికను, 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషనును నెలకొల్పిన గాజుల లక్ష్మీనరసు చెట్టిగారి ఇంటిపేరు ఒక సరకును తెలుపును. వేదం వేంకటరాయశాస్త్రిగారి ఇంటిపేరు చదువును తెలుపును. ఈ పట్టణముననే పుట్టి 1952 డిసెంబరు 15న ఈ పట్టణముననే ఆత్మార్పణము చేసిన శ్రీరాములుగారి ఇంటిపేరు 'పొట్టి' ఏనాటి పూర్వికుని యాకారమునో తెలుపును. తెలియనివారు దానిని శ్రీరాములుగారి విశేషణమని భ్రమపడుదురు.

ఊరిపేరుతో ఏర్పడిన ఇంటిపేరు వేరువేరు కులములవారికి కూడ ఉండుట మన మెరుగుదుము. ఒకే ఊరు విడిచి వచ్చినవారను గుర్తేగాని అది ఏకవంశమునకు సాక్ష్యము గాదు. దత్తత పోయిన కుమారుడు కొత్త ఇంటిపేరును ధరించును; అచట పేరు నిలిచినను రక్తము మారును. ఒకే ఇంటిపేరువారు వియ్యమందరాదను నియమము తండ్రివైపు వరుసనే కాపాడును. మేనరికమున మేనమామ ఇంటిపేరు వేరగుటచే ఆ నియమము అడ్డురాదు, కాని రక్తము మరల దగ్గరకే చేరును.

హైదరాబాదులోని కణజీవశాస్త్ర పరిశోధనాలయమువారు అమెరికా శాస్త్రజ్ఞులతో కలసి 2009లో ప్రకటించిన పరిశోధన ఈ విషయమున గమనింపదగినది. ఆంధ్రదేశపు వైశ్యులు మొదలగు సమూహములు రెండు మూడు వేల యేండ్లుగా బయటివారితో సంబంధము లేకయే సాగినవని అది సూచించినది. 2017 నాటి మరియొక పరిశోధనలో దక్షిణాసియాకు చెందిన 263 సమూహములను పరీక్షింపగా, 81 సమూహములు కొలదిమంది మూలపురుషుల నుండి విస్తరించినవని బలముగా తేలినది. అట్టివారిలో కొన్ని అరుదగు వ్యాధులు తరతరములుగా వచ్చుటకు అవకాశ మెక్కువ. కావున తెలుగుదేశమున రక్తచరిత్రను తెలుపునది ఇంటిపేరు కంటె పెండ్లిచుట్టరికపు హద్దే. ఇంటిపేరు రక్తపత్రము గాదు. అది వలసకు, వృత్తికి, ఊరికి దస్తావేజు.

పొడి అక్షరముల ముప్పు

ఈ దస్తావేజు చెన్నపురిలో చెరిగిపోవుచున్నది. పైన చెప్పిన మూడు పేరులలో మొదటిదానిని మరల చూడుడు. పిట్టి త్యాగరాయ చెట్టిగారు (1852–1925) దేవాంగ కులజులు, 1916లో జస్టిసు పక్ష స్థాపకులలో నొకరు. ఆయన పేర కళాశాల కలదు, త్యాగరాయనగరము కలదు. 'పిట్టి' మాత్రము మొదట 'పి' యను పొడి అక్షరమై, పిదప అదియును లేకపోయినది. రెండవదానిలో దీనికి విపర్యయము: రామనాథపురము సీమలోని తొండి ప్రాంతము నుండి వచ్చిన కుణంగుడి మస్తాన్ సాహిబును జనులు 'తొండియార్' అని పిలిచిరి. ఆయన సొంత పేరు పేటకు రాలేదు, ఊరి పేరే నిలిచినదని చెప్పుదురు. మన ఇంటిపేరులలో అధికభాగము పుట్టిన విధము ఇదియే.

తెలుగువారి పేరునకు ముందున్న పొడి అక్షరము ఇంటిపేరును సూచించును. తమిళుల యాచారమున అది తండ్రి పేరు. చూపునకు రెండును ఒక్కటే. ఈ సామ్యముననే నష్టమున్నది. బడిలో చేర్చునపుడు తండ్రి పేరులోని మొదటి యక్షరమును వ్రాయింతురు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి వచ్చినపుడు ఆ తండ్రి పేరునే నింపుదురు. రెండు తరములలో గాజులవారును, వావిళ్లవారును తమ ఇంటిపేరు నెరుగనివారగుదురు. తమిళ లిపిలో క, గ లకు ఒకే యక్షరము. గాజుల అని వ్రాసినను కాజుల అని చదువవచ్చును. 2006 నాటి శాసనముచే తమిళము ఒకటవ తరగతి మొదలు నిర్బంధమైన పిదప, తెలుగు లిపి నేర్చు బాలుర సంఖ్య క్షీణించినది. కాలెట్ కాలడి యైన త్రోవనే మన పేరులును నడచుచున్నవి. కాలెట్‌కు కోట దస్తావేజులును, అచ్చుపడిన లేఖలును సాక్ష్యముగా నున్నవి. సామాన్యులగు నేతగాని, వర్తకుని కుటుంబమునకు ఇంటిపేరు తప్ప వేరు సాక్ష్యము లేదు.

తాత ముత్తాతలు ఏ యూరి నుండి, ఏ పనికై ఈ పట్టణమునకు వచ్చిరో తెలుపు మాట చాల ఇండ్లలో అదియొక్కటే. కనుక ప్రతి కుటుంబమును తన ఇంటిపేరును పొడి అక్షరముగా గాక పూర్తిగా, తెలుగు లిపిలో వ్రాసియుంచుట, బడి పట్టీలలో పూర్తిగా చేర్పించుట, వృద్ధులు చెప్పు ఊరిపేరును దాని ప్రక్కనే గుర్తించుట కర్తవ్యము. తెలుగు సంఘములు పేట పేటకును ఇట్టి పట్టికలను సిద్ధపరచినచో, తొండియార్‌పేట తెలుగువారి వలస చరిత్రకు అదియే మొదటి ఆధారగ్రంథ మగును. ఆ పట్టికకు మాటలు చెప్పగల వృద్ధులు ఇంకను మన నడుమ నున్నారు.