ఆదోని సీమలో వేట తుపాకి: ఒక ధర్మసందేహపు చరిత్ర

తెలుగులో తుపాకి అనబడే ఆయుధాన్ని ఆదోని, ఎమ్మిగనూరు ముస్లిముల ఇళ్లలో బందూఖ్ అంటారు. తుపాకి తుర్కీ మూలం నుండి వచ్చిన మాట. చెకుముకి కూడా ఆ భాష ఇచ్చిందే. బందూఖ్ మాత్రం అరబ్బీ. ఆ భాషలో బుందుఖ్ అంటే మొదట గట్టి పెంకుగల ఒక చిన్న కాయ. ఆ కాయంత మట్టి ఉండను వింటితో విసరి పిట్టలను కొట్టేవారు గనుక ఉండకూ ఆ పేరే స్థిరపడింది. శతాబ్దాల తరువాత సీసపు గుండును పేల్చే గొట్టానికీ అదే పేరు దక్కింది. దానితో మట్టి ఉండను గురించి పూర్వ ధర్మవేత్తలు చెప్పిన తీర్పు తుపాకికి కూడా వర్తిస్తుందా అనే ప్రశ్న లేచింది. ఇది గ్రంథాలలోనే ఉండిపోయే ప్రశ్న కాదు. ఒకే ఒక్క చవక తుపాకి కొనగలిగిన రైతు తెచ్చిన జింక మాంసం ఇంట్లో వండవచ్చునా, కూడదా అన్నది దీనిమీదనే ఆధారపడింది.

ఈ సీమకు తుపాకి కొత్త కాదు. 1520లో శ్రీకృష్ణదేవరాయలు తుంగభద్రకు ఆవల రాయచూరు కోటను ముట్టడించినప్పుడు, ఆయన పక్షాన నిలిచిన కొద్దిమంది పోర్చుగీసు తుపాకిదారులు గోడలమీది కావలివారిని గురిచూసి కూల్చారు. ఆదోని 1568లో బీజాపూరు ఆదిల్‌షాహీల వశమయింది. వారి చివరి కాలపు పాలకుడు సిద్దీ మసూద్ ఖాన్ కట్టించిన జామె మస్జిద్ నేటికీ ఊరికి వన్నె. 1688లో మొగలులు, ఆపైన ఆసఫ్‌జాహీలు, 1786లో టిప్పు సుల్తాన్, 1800లో కుంఫిణీవారు. ఇన్ని సేనలు నడచిన దారిలో పల్లెలకు తుపాకులు చేరకుండా ఎలా ఉంటాయి? వేటలోనూ, పాళెగాండ్ర కొలువులోనూ పేరుపడిన బోయలు దానిలో ఆరితేరారు.

మూతి నుండి మందు కూరే ఈ తుపాకులలో అన్నిటికన్న చవక తోడేదార్. నిప్పంటించిన వత్తి వంగి పళ్లెంలోని మందును ముట్టిస్తుంది, అంతే. పాడయితే ఊరి కమ్మరి బాగుచేయగలడు. సూరేకారం, గంధకం, బొగ్గు కలిపితే మందు సిద్ధం. సూరేకారాన్ని పాడుబడిన ఊళ్ల పాటిమట్టిని నీట వడగట్టి తీసేవారు. పత్తి పండే ఆదోనిలో, మగ్గాలాడే ఎమ్మిగనూరులో మందుమీద కుక్కే పీలికలకు కొదవేమున్నది! అయితే వానలో వత్తి ఆరిపోతుంది, దాని పొగ వాసన జింకకు ముందే తెలిసిపోతుంది. చఖ్మాఖీ తుపాకికి వత్తి బాధ లేదు గాని, మంచి ఉక్కు కమాను కావాలి. అది పల్లె కొలిమిలో తయారయ్యే వస్తువు కాదు. పందొమ్మిదవ శతాబ్దంలో వచ్చిన టోపీదార్ తడిలోనూ నమ్మకంగా పేలేది, కాని టోపీలు అయిపోతే అది ఉత్త ఇనుపగొట్టమే. ఇక గొట్టం లోపల మెలికల గాళ్లు తీసిన రైఫిలు దొరల సొత్తు. దానిలో గుండును గుడ్డచుట్టి బిగించి దిగగొట్టాలి. గురి గొప్పది, ధరా గొప్పదే. నున్నని గొట్టమయితే నేడు ఒంటిగుండు, రేపు పిట్టలకు సన్నరవ్వలు. బీదవాని ఎంపిక అటే మొగ్గటంలో వింత లేదు.

దక్షిణాదిలోని ఆంగ్ల వేటగాండ్రు కణితిని తమ దేశపు మాటతో ‘ఎల్క్’ అని పిలిచేవారు. కణితి నల్లమల అడవులది. ఆదోని నల్లరేగడి మైదానంలో వేటగాని కంటపడేది ఇర్రి, అంటే కృష్ణజింక. దాగటానికి పొద కూడా లేని ఆ నేలమీద ఎద్దు చాటునో, బండి చాటునో దాన్ని సమీపించేవారు. ఒక్క దెబ్బ తప్పితే మళ్లీ మందు కూరేలోగా మంద కనుచూపు మేర దాటిపోతుంది.

ధర్మసందేహం ఇక్కడ మొదలవుతుంది. దెబ్బ బరువుకు చచ్చిన జంతువు (మౌఖూజహ్) నిషిద్ధమని దివ్యఖుర్‌ఆన్ అల్ మాయిదా సూరా మూడవ ఆయతు చెబుతున్నది. కర్ర ఈటె మొనతో గుచ్చుకుంటే తినవచ్చుననీ, అడ్డంగా తగిలి చస్తే తినరాదనీ దైవప్రవక్త (స) హజ్రత్ అదీ బిన్ హాతిమ్ (ర)కు బోధించారు. మట్టి ఉండకు చచ్చిన పిట్టను హజ్రత్ ఇబ్న్ ఉమర్ (ర) మౌఖూజహ్‌గానే ఎంచారు. మరి సీసపు గుండు గుచ్చుతున్నదా, మోదుతున్నదా? దానికి అంచు లేదు, వేగంతో కూడిన బరువు చేత కాల్చి గాయపరుస్తుంది గనుక దానితో చచ్చినది హలాల్ కాదని డమాస్కస్ హనఫీ పండితుడు ఇబ్న్ ఆబిదీన్ (మరణం 1836) వ్రాశారు. ఆయనకు మునుపే కైరోలో ఇబ్న్ నుజైమ్ ఇచ్చిన తీర్పూ అదే. మాలికీ పండితుడు అల్ దర్దీర్ భిన్నంగా, రక్తం చిందించి త్వరగా ప్రాణం తీస్తుంది గనుక తినవచ్చునన్నారు. టిప్పు ఆదోనిని పట్టిన 1786వ సంవత్సరమే ఈయన మరణించారు. యెమెన్‌కు చెందిన షౌకానీ (మరణం 1834) గుండు శరీరంలోకి చొచ్చుకుపోతుందనే కారణంతో అనుమతించారు. ఒకే పేరు చూసి ఒకే తీర్పు ఇవ్వటంకన్న, ఆయుధం చేసే పనిని పరిశీలించిన వీరి పద్ధతి బలమైనదనిపిస్తుంది. అయినా హనఫీల జాగ్రత్తనూ తేలికగా తీసివేయరాదు. గుండ్రని సీసపు ముద్ద విషయంలో వారి అనుమానానికి ఆధారమున్నది. మొనదేలిన గుండ్లు వచ్చిన తరువాత హనఫీ ఉలమాలోనే చర్చ మళ్లీ సాగింది.

ఆదోని ముస్లిములలో అత్యధికులు హనఫీలు. కనుక ఇక్కడి వేటగానికి తుపాకి జంతువును చంపే సాధనం కాదు, పడవేసే సాధనం. ప్రాణముండగానే చేరి, బిస్మిల్లాహ్ పలికి జబహ్ చేయాలి. అలాంటప్పుడు దూరపు గురిగల ఖరీదైన రైఫిలు అతనికి మేలేమీ కాదు: ఎంత దూరాన కొడితే అంత దూరం కత్తితో పరుగెత్తాలి. మందు ఎక్కువ దట్టించి అక్కడికక్కడే చంపితే మాంసం చేజారినట్లే. దగ్గరగా వెళ్లి, కొద్ది మందుతో కొట్టి, వెంటనే ఉరకటం ఉత్తమం. బీదవాని తోడేదార్‌కు అంతకు మించిన శక్తి ఎటూ లేదు! దర్దీర్ తీర్పు ననుసరించే మాలికీ వేటగానికయితే పేల్చేటప్పుడు పలికిన బిస్మిల్లాహ్ చాలు. మందు కూరేటప్పుడు పలికినది లెక్కకు రాదు.

1878 ఆయుధాల చట్టం తుపాకికి లైసెన్సు తప్పనిసరి చేసింది. 1959 చట్టం మూతి నుండి కూరే తుపాకిని పంటల రక్షణకు ఇవ్వదగినదిగా ప్రత్యేకంగా పేర్కొన్నది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కృష్ణజింకను మొదటి షెడ్యూలులో చేర్చటంతో ఇర్రి వేట ముగిసింది. చేలమీద పడే అడవిపందిని కొట్టాలన్నా ప్రభుత్వ అనుమతి కావాలి. దాని విషయంలో జబహ్ ప్రశ్న ముస్లిం రైతుకు రానే రాదు.