మేనేజ్‌మెంట్ ప్రవేశ పరీక్షలు: కాఠిన్యం పోలిక

భారతదేశంలోని ఎంబీఏ ప్రవేశ పరీక్షల్లో ఏది కఠినమో ప్రశ్నపత్రం ఒక్కటే చూసి తేల్చలేం. సమయం, తప్పుకు పడే కోత, పోటీపడేవారి స్థాయి కలిసి దాన్ని నిర్ణయిస్తాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల ఐసెట్‌లో 150 నిమిషాల్లో 200 ప్రశ్నలు. అంటే ఒక్కోదానికి 45 సెకన్లే. ఐఐఎంలు నిర్వహించే క్యాట్‌లో 2024లో 120 నిమిషాలకు 68 ప్రశ్నలే వచ్చాయి. ఈ లెక్కన ఐసెటే కష్టమనిపించాలి. అయితే ఐసెట్‌లో తప్పుకు కోత లేదు, తెలియకపోయినా ఊహించి గుర్తించవచ్చు. క్యాట్‌లో బహుళైచ్ఛిక ప్రశ్నకు తప్పు జవాబిస్తే ఒక మార్కు పోతుంది. విభాగానికి 40 నిమిషాల గడువు కాబట్టి ఒకచోట మిగిలిన సమయం మరోచోటికి చేరదు. ఏ ప్రశ్నను వదలాలో తెలుసుకోవడమే అక్కడ అసలు పరీక్ష. మరో ఎంబీఏ ప్రవేశ పరీక్ష ఎక్స్‌ఏటీ దీన్ని ఇంకో మెట్టు పైకి తీసుకెళ్లింది: పరిమితికి మించి వదిలేసినా కోతే. పైగా అందులోని డెసిషన్ మేకింగ్ విభాగానికి సూత్రాలు కంఠస్థం చేస్తే సరిపోదు.

పర్సంటైల్ ఉండగా ఈ పోలికలెందుకన్న అభ్యంతరం ఉంది. అది నిలవదు. పర్సంటైల్ ఆ పరీక్ష రాసినవారి మధ్య స్థానాన్నే చెబుతుంది; రాసేవారు మారితే అదే అంకెకు విలువ మారిపోతుంది. అర్హత మార్కులూ పూర్తి కొలత కావు: ఐసెట్ అర్హతకు సాధారణ అభ్యర్థులకు 25 శాతం మార్కులు చాలు, కానీ పేరున్న విశ్వవిద్యాలయ కళాశాలలో సీటుకు మెరుగైన ర్యాంకు తప్పదు. కాబట్టి కాఠిన్యాన్ని పరీక్ష పేరుతో కాక, కోరుకున్న సీటుతో కొలవడమే న్యాయం.