ఏజెన్సీ బడి పంతులు: కొలువు హక్కు, కొలువు బాధ్యత

ఇలాంటి సంచికల్లో మన పండుగల గురించి, గుస్సాడీ, ధింసా, కొమ్ము ఆటల గురించి, మన వీరుల గురించి రాసుకుంటూనే ఉన్నాం. ఈసారి మేము ఒక కాగితం గురించి రాయదలచుకున్నాం. మన గూడేల్లో చాలా ఇళ్లలో అది ఉంది. ట్రంకు పెట్టెలో, భూమి పట్టా పక్కన, ప్లాస్టిక్ కవరులో భద్రంగా దాచి ఉంటుంది. ఆ ఇంట్లో మొదటిసారి ఒకరికి ఉపాధ్యాయ ఉద్యోగం వచ్చిన రోజు చేతికందిన నియామక పత్రం అది.

ఆ కాగితం ఊరికే రాలేదు. డీఎడ్, బీఎడ్ ముగించి టెట్ గట్టెక్కి బడిలో అడుగుపెడుతున్న మన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు దాని వెనుక కథ చాలావరకు తెలియదు. ఆ కథను, ఆ కొలువుతో వచ్చే హక్కులను, బాధ్యతలను ఒకచోట చెప్పాలన్నదే మా ప్రయత్నం.

మన మాట తెలిసిన పంతులు

మన పిల్లలకు మన మాటలోనే చదువు చెప్పాలన్న ఆలోచన కొత్తది కాదు. గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవరల భాష నేర్చుకున్నారు. సవర పిల్లల కోసం పుస్తకాలు రాశారు, తన ఖర్చుతో బడులు నడిపారు. వ్యవహారిక భాషోద్యమ నాయకుడిగా ఆయన అందరికీ తెలుసు. అంతకన్నా ముందే సవర పిల్లవాడి ముందు కూర్చుని వాడి భాష నేర్చుకున్న పంతులు ఆయన అని మనం గుర్తు చేసుకోవాలి.

రెండో అడుగు ఆదిలాబాద్ అడవుల్లో పడింది. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం అమరుడయ్యాక, గోండుల తిరుగుబాటుకు కారణాలు తెలుసుకోవలసిన అవసరం నిజాం ప్రభుత్వానికి కలిగింది. ఆ పని మీద వచ్చిన మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ మార్లవాయిలో గోండుల మధ్య నివసించారు. 1943లో అక్కడే గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం మొదలైంది. గోండీ వాచకాలను దేవనాగరి లిపిలో తయారు చేశారు. అక్కడ తయారైన గోండు యువకులు తమ గూడేలకు తిరిగి వెళ్లి బడులు పెట్టారు.

మార్లవాయి చెప్పిన పాఠం చిన్నదే. బయటి నుంచి పంతుళ్లు వచ్చే దాకా ఎదురు చూడనక్కరలేదు, గూడెంలో ఉన్నవాడినే పంతులుగా తయారు చేయవచ్చు. తర్వాత వచ్చిన ప్రభుత్వ ఉత్తర్వులన్నిటికీ మూలం ఈ ఆలోచనే అని మేము అనుకుంటున్నాం.

తెరుచుకోని బడి

స్వాతంత్ర్యం వచ్చాక 1950లో షెడ్యూల్డు ప్రాంతాలను ప్రకటించారు. ఆశ్రమ పాఠశాలలు వచ్చాయి. తర్వాత ఐటీడీఏలు వచ్చాయి. పోస్టులు మంజూరయ్యాయి. కానీ పోస్టు ఉన్నంత మాత్రాన బడి నడవదు. మైదానం నుంచి నియమితులైన వారిలో చాలామందికి మన్యం అంటే శిక్ష కింద వచ్చే బదిలీ. వాగు పొంగితే దారి ఉండదు, మలేరియా భయం, అద్దె ఇల్లు దొరకదు, పిల్లల మాట అర్థం కాదు. జీతం తీసుకుని నెలకొకసారి కనబడి వెళ్లినవారి సంగతి మన పెద్దలను అడిగితే ఇప్పటికీ చెబుతారు. అందరూ అలాంటివారు కారు. కొండలెక్కి వచ్చి, మన భాష నేర్చుకుని, మన ఇళ్లలోనే తిని, మనలో కలిసిపోయిన గిరిజనేతర పంతుళ్లు కూడా ఉన్నారు. వారిని మరిచిపోతే మనకు మర్యాద కాదు.

ఈ నేపథ్యంలోనే 1986 నవంబరు 5న జీవో 275 వచ్చింది. రాజ్యాంగం అయిదో షెడ్యూలు అయిదో పేరా కింద గవర్నరుకున్న అధికారంతో, షెడ్యూల్డు ప్రాంతాల విద్యాసంస్థల్లో ఉపాధ్యాయ పోస్టులను షెడ్యూల్డు తెగల వారికే కేటాయించారు. అర్హులైన గిరిజన అభ్యర్థులు దొరికే దాకా ఇతరులను నియమించుకునేలా 1988లో జీవో 73తో సవరించారు. 1989లో ట్రైబ్యునల్ జీవో 275ను కొట్టివేసింది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లి, 1998లో ఆ అప్పీలును వెనక్కి తీసుకుంది.

ఆ తర్వాత 2000 జనవరి 10న వచ్చినదే మనందరి నోళ్లలో నానిన జీవో 3. షెడ్యూల్డు ప్రాంతాల్లో ఉపాధ్యాయ పోస్టులు నూటికి నూరు స్థానిక గిరిజనులకే అని, అందులో మూడో వంతు మహిళలకని అది చెప్పింది. స్థానికులంటే 1950 జనవరి 26 నుంచి తాము గానీ తమ తల్లిదండ్రులు గానీ అక్కడ నివసిస్తున్న గిరిజనులు. గిరిజనుల విద్యాభివృద్ధితో పాటు, ఉపాధ్యాయులు బడికి రాకపోవడమనే పెద్ద సమస్యను తీర్చడం కూడా దాని ఉద్దేశంగా పేర్కొన్నారు. ఈ మాటను మనం బాగా గుర్తుంచుకోవాలి. ఆ హక్కు మనకు ఇచ్చిందే బడి తెరిచి ఉంచడానికి.

ఈ జీవోను కూడా ట్రైబ్యునల్ కొట్టివేయగా, 2001లో హైకోర్టు మెజారిటీ తీర్పుతో నిలబెట్టింది. ఆ అండతోనే వేలాది ఇళ్లలో మొదటి జీతం అందింది. ఒక పంతులు జీతంతో తమ్ముడు డిగ్రీ చదివాడు, చెల్లెలు నర్సింగుకు వెళ్లింది, షావుకారు దగ్గర తాకట్టు పడిన భూమి తిరిగి వచ్చింది. అన్నిటికన్నా ముఖ్యం, కోయ పిల్ల కోయలోనే సందేహం అడగగలిగింది. 2004 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సవర, కొండ, కువి, ఆదివాసీ ఒడియా, కోయ, గోండీ, కొలామీ, బంజారా అనే ఎనిమిది భాషల్లో మాతృభాషా బోధన ప్రారంభమైనప్పుడు, ఆ వాచకాలు పట్టుకుని పాఠం చెప్పగలిగిన వారు ఎవరు? ఆ భాషలు ఇంట్లో మాట్లాడే మన పంతుళ్లే.

2020 ఏప్రిల్ 22

సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం ఆ రోజున జీవో 3ను కొట్టివేసింది. దేశమంతా కరోనా లాక్‌డౌన్‌లో ఉన్న రోజులవి. మన గూడేలకు ఆ వార్త ఫోన్లలోనే చేరింది.

తీర్పును తిట్టడం తేలిక. అర్థం చేసుకోవడం అవసరం. అయిదో షెడ్యూలు కింద గవర్నరు అధికారం ప్రాథమిక హక్కులకు లోబడే ఉంటుందని కోర్టు చెప్పింది. నూరు శాతం రిజర్వేషన్ సమానత్వ హక్కుకు విరుద్ధమని, 371-డి కింద వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వులకూ విరుద్ధమని అన్నది. 1950 అన్న గడువుకు తగిన ఆధారం లేదని, దానివల్ల ఆ తర్వాత వచ్చి స్థిరపడిన గిరిజనులకే అవకాశం పోతుందని కూడా చెప్పింది. ఖర్చుల కింద అయిదు లక్షల రూపాయలను రెండు తెలుగు రాష్ట్రాలూ చెరిసగం భరించాలన్నది.

అప్పటికే చేరినవారి ఉద్యోగాలను కోర్టు కాపాడింది, కానీ షరతుతో. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మళ్లీ అలాంటి ప్రయత్నం చేసి పరిమితి దాటితే, 1986 నుంచి జరిగిన నియామకాలకు ఆ రక్షణ ఉండదని చెప్పింది. మన సభల్లో, ధర్నాల్లో ఈ షరతు గురించి మాట్లాడేవారు తక్కువ. జీవో 3ను పునరుద్ధరించాలనే డిమాండ్ న్యాయమైనదేనని మేము నమ్ముతున్నాం. అయితే పాత జీవోనే తేదీ మార్చి మళ్లీ ఇమ్మని అడిగితే మన అన్నల, అక్కల కొలువులకే ముప్పు. కాబట్టి స్థానిక భాష తెలిసి ఉండడం, ఆ ప్రాంతంలోనే నివాసం ఉండడం వంటి షరతులను చట్టబద్ధంగా, లెక్కలతో, ఆధారాలతో ఎలా పెట్టవచ్చో న్యాయ నిపుణులతో కూర్చుని ఆలోచించాలి.

ఏడాదికొక కాగితం

మన వాళ్లలో కొత్తగా చదువు ముగించిన వారికి తరచుగా దొరికేది రెగ్యులర్ పోస్టు కాదు, ఆశ్రమ పాఠశాలలో కాంట్రాక్టు కొలువు. సీఆర్‌టీ అన్న మూడక్షరాలు తెలియని గూడెం లేదు. తరగతి అదే, సిలబస్ అదే, హాస్టల్ పిల్లల బాధ్యత రాత్రి కూడా ఉంటుంది. జీతం వేరు. ఏటేటా రెన్యువల్ కోసం ఎదురుచూపు. మాలో కొందరు అలా పదేళ్లకు పైగా పనిచేశారు. జూన్ వస్తే బడి తెరుస్తారన్న సంతోషం కన్నా, కాగితం వస్తుందో రాదో అన్న దిగులే ఎక్కువగా ఉండేది.

ఇక్కడ రెండు తీర్పులు తెలిసి ఉండాలి. 2006లో ఉమాదేవి కేసులో, పద్ధతి ప్రకారం ఎంపిక జరగకుండా చేరినవారు క్రమబద్ధీకరణను హక్కుగా అడగలేరని సుప్రీంకోర్టు చెప్పింది. 2016లో జగ్జీత్ సింగ్ కేసులో, రెగ్యులర్ ఉద్యోగితో సమానమైన పని చేసే తాత్కాలిక ఉద్యోగికి ఆ పోస్టు కనీస వేతన స్కేలు ఇవ్వాలని చెప్పింది. అందుకే మీరు ఎలా ఎంపికయ్యారో చూపే కాగితాలు ముఖ్యం. నోటిఫికేషన్, మెరిట్ జాబితా, రోస్టర్, ప్రతి ఏడాది ఉత్తర్వు, చేరిన రోజు రిపోర్టు, హాజరు నకళ్లు అన్నీ దాచుకోండి. రేపు కోర్టులో మాట్లాడేవి అవే.

కొత్తగా చేరినవారు చూసుకోవలసినవి

రెగ్యులర్ కొలువులో చేరినవారు ముందుగా చూసుకోవలసింది సర్వీసు రిజిస్టరు. మన పెద్దలు చాలామంది పుట్టిన తేదీ జూన్ 1. బడిలో చేర్చుకున్న పంతులు వేసిన అంచనా అది. సర్వీసు రిజిస్టరులో ఒకసారి ఎక్కిన తేదీని మార్చడం దాదాపు అసాధ్యం. పేరు, తెగ పేరు, పుట్టిన తేదీ తప్పు లేకుండా ఉన్నాయో లేదో మొదటి నెలలోనే చూసుకోవాలి.

ప్రొబేషన్ సాధారణంగా మూడేళ్ల వ్యవధిలో రెండేళ్ల పని. అది పూర్తయినట్టు ఉత్తర్వు తీసుకోవాలి. 2004 సెప్టెంబరు 1 తర్వాత చేరినవారికి కాంట్రిబ్యూటరీ పింఛను. ప్రాన్ నంబరు వచ్చిందా, ప్రతి నెలా కోసిన సొమ్ము, ప్రభుత్వ వాటా జమ అవుతున్నాయా అని చూసుకోవాలి. మహిళలకు 180 రోజుల ప్రసూతి సెలవు హక్కు. అది దయ కాదు. 1991 నాటి సీసీఏ నియమాల ప్రకారం అభియోగం చెప్పకుండా, మీ వివరణ వినకుండా శిక్ష వేయకూడదు. మెమో వస్తే భయపడి ఖాళీ కాగితం మీద సంతకం పెట్టవద్దు. గడువులోగా రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి.

ఇక అర్హత సంగతి. ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు బోధించడానికి 2010 ఆగస్టు 23 నాటి ఎన్‌సీటీఈ నోటిఫికేషన్ ప్రకారం టెట్ తప్పనిసరి. అయిదేళ్లకు మించి సర్వీసు మిగిలి ఉన్న పాత ఉపాధ్యాయులు కూడా రెండేళ్లలో టెట్ పాసవ్వాలని 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు చెప్పింది. తమ్ముళ్లూ, ఇంట్లో పాత పంతులు ఉంటే ఆయన పక్కన కూర్చుని మీరే చదివించండి.

బాధ్యత కూడా చట్టమే

హక్కుల గురించి సంఘాలు చెబుతాయి. బాధ్యతల గురించి చెప్పేవారు తక్కువ. 2009 విద్యా హక్కు చట్టం 24వ సెక్షన్ ప్రకారం సమయానికి రోజూ బడికి రావడం, సిలబస్ పూర్తి చేయడం, వెనుకబడిన బిడ్డకు అదనంగా చెప్పడం, తల్లిదండ్రులతో సమావేశం కావడం ఉపాధ్యాయుని విధులు. తప్పితే క్రమశిక్షణ చర్య ఉంటుంది. 17వ సెక్షన్ ప్రకారం పిల్లలను కొట్టకూడదు, మనసు నొప్పించే శిక్ష వేయకూడదు. 28వ సెక్షన్ ప్రకారం ప్రైవేటు ట్యూషన్ చెప్పకూడదు. అలాగే 27వ సెక్షన్ మనకు రక్షణ కూడా. జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప బోధనేతర పనులకు పంతుళ్లను పంపకూడదు.

హాస్టల్ బాధ్యత ఉన్నవారు 2012 పోక్సో చట్టాన్ని తప్పక తెలుసుకోవాలి. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పడం ప్రతి ఒక్కరి విధి. దాచితే ఆరు నెలల వరకు, సంస్థ బాధ్యుడు దాచితే ఏడాది వరకు జైలుశిక్ష పడవచ్చు. ఊరి పరువు, కులపెద్దల రాజీ అన్న మాటలు ఇక్కడ చెల్లవు. మన బిడ్డను కాపాడవలసింది మనమే.

ఇంకొకటి మన ప్రాంతానికే ప్రత్యేకం. 1996 పెసా చట్టం ప్రకారం షెడ్యూల్డు ప్రాంతాల్లో సామాజిక రంగ సంస్థలపై, అక్కడ పనిచేసేవారిపై పర్యవేక్షణ అధికారం గ్రామసభకు, పంచాయతీకి ఉండాలి. బడి కూడా అందులోకే వస్తుంది. అంటే బడి ఎందుకు మూసి ఉందని మన ఇప్పపూలు ఏరుకునే అవ్వ గ్రామసభలో లేచి అడగవచ్చు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసింది మనమే.

నొప్పి కలిగినా ఒక మాట చెప్పుకోవాలి. జీవో 3 కింద కొలువు పొంది, కుటుంబాన్ని పట్నంలో పెట్టి, మైదానం పంతుళ్ల లాగే నెలకు నాలుగు రోజులు బడికి వచ్చినవారు మనలో కూడా ఉన్నారు. బడికి పంతులు రావడం లేదన్న కారణం చూపే మనం ఆ హక్కును పొందాం. అదే తప్పు మనం చేస్తే, రేపు మన తరఫున ఏ వకీలు ఏ కోర్టులో ఏం చెబుతాడు?

అందుకే ఈ సంచిక చదువుతున్న కొత్త పంతుళ్లను మేము రెండు పనులు కోరుతున్నాం. మీ బడి రికార్డును శుభ్రంగా ఉంచండి. హాజరు, మన భాషలో చెప్పిన పాఠాలు, మీరు వచ్చాక బడిలో నిలిచిన పిల్లల లెక్క రాసి పెట్టండి. స్థానిక గిరిజన ఉపాధ్యాయుడి వల్ల బడి బాగుపడిందని రేపు ప్రభుత్వం ముందు, న్యాయస్థానం ముందు చూపడానికి అంతకన్నా గట్టి సాక్ష్యం లేదు. అలాగే మీ గూడెంలో మొదటి పంతులు ఎవరో కనుక్కుని, ఆయన లేదా ఆమె ఉండగానే వారి మాటలు రాసుకుని మాకు పంపండి. వచ్చే సంచికలో ఆ పేర్లు, ఆ కథలు వేసుకుందాం.