కొలతకెక్కని పాదాలు

కొంపల్లి దాటి మేడ్చల్ వైపు, అల్వాల్ దాటి శామీర్‌పేట వైపు హైదరాబాద్ నగరం పాకిన కొద్దీ పొలాలు కాలనీలయ్యాయి, కాలనీలకు జిమ్ములు తోడయ్యాయి. ఇండోర్ సైకిల్ మీద స్పిన్ క్లాసుకు చేరే ఆడవాళ్లలో పాదం చిన్నదైనవారికి ఒక చిక్కు ఎదురవుతుంది. పెడల్‌కు బిగుసుకునే సైక్లింగ్ బూటు వారి కొలతలో సులువుగా దొరకదు. దీన్ని అంగడిలో సరుకు కొరతగా, ఇంకాస్త వెతికితే తీరిపోయేదిగా చూడటం మామూలు. ఈ నేల మీద చెప్పు నడిచిన చరిత్రను కలిపి చూస్తే మాత్రం సంగతి వేరు. చిన్న పాదం ఇవాళ కొత్తగా లెక్క తప్పలేదు. ఎవరి మాట చెల్లుతుందో వారి కాలినే పాదరక్ష ముందుగా కొలిచింది. ఒకప్పుడు ఆ మాట దొరది, తరవాత ఫ్యాక్టరీ అచ్చుది.

నిజాం కాలంలో మేడ్చల్ అత్రాఫ్-ఇ-బల్దా జిల్లాలో ఒక తాలూకా. నిజాం సొంత ఖజానాకు రాబడినిచ్చే సర్ఫ్-ఎ-ఖాస్ కింద ఉండేది ఆ జిల్లా. తెలంగాణ పల్లెల్లో తోలు పని మాదిగలది. చచ్చిన పశువు తోలు వలిచి, సున్నపు నీళ్లలో నానేసి, లందలో తంగేడు చెక్కతో పదును చేసి, ఆరెతో పొడిచి చెప్పులు కుట్టేవారు. బావిలోంచి నీళ్లు తోడే మోటకు తోలు సంచి కూడా వారి చేతిదే. రైతులు దీనికి బదులుగా ఏటా పంటలో గింజలు కొలిచేవారు. దొరకు మాత్రం ఉత్తపుణ్యానికే ఇవ్వాలి. పుచ్చలపల్లి సుందరయ్య 1972లో వెలువరించిన తెలంగాణ సాయుధ పోరాట చరిత్ర వెట్టి రకాలను వివరిస్తూ ఈ చెప్పులను, మోట తోలును కూడా లెక్కలో చేర్చింది. కాలిని తోలు మీద పెట్టించి, చుట్టూ గీత గీసి కోసిన చెప్పు ఆ కాలికి కాక ఇంకెవరికీ సరిపోదు. అది చూసి, కొలిచి కుట్టిన ఆ రోజులే నయం కదా అనేవారుంటారు. నైపుణ్యం మటుకు గొప్పదే, కాదనలేం. కానీ ఆ కొలత అందరికీ దక్కలేదు. చెప్పు కుట్టినవాడే దొర గడి ముందు నుంచి పోయేటప్పుడు దాన్ని విడిచి చేత పట్టుకోవలసి వచ్చేది. కూలికి పోయే ఆడవాళ్లలో ఎక్కువమంది ముళ్లలో, బురదలో ఒట్టి కాళ్లతోనే తిరిగారు. చిన్న పాదానికి అప్పుడు చెప్పు కుట్టగల చేయి ఊళ్లోనే ఉంది, కుట్టించుకునే హక్కు లేదు.

వెట్టిని 1946-51 నాటి సాయుధ పోరాటం కూలదోస్తే, మోటను కరెంటు మోటారు మింగేసింది. తోలు చెప్పు స్థానంలోకి రబ్బరు చెప్పు, ఫ్యాక్టరీ బూటు వచ్చాయి. వాటితో పాటే నంబరు వచ్చింది. మనం బూటు మీద చదివే బ్రిటిష్ నంబరుకు మూలం బార్లీ గింజ పొడవు, అంటే అంగుళంలో మూడో వంతు. ఐరోపా నంబరుది ఇంకో లెక్క, ఒక్కో అంకెకు సెంటీమీటరులో మూడింట రెండు వంతులు. నంబరును తిట్టడం తేలికే గాని అది చేసిన మేలు చిన్నది కాదు. దుకాణంలో ఆరో నంబరు అడిగినవారి కులం అంకెకు అక్కర్లేదు. డబ్బు పెడితే ఎవరి కాలికైనా బూటు ఎక్కింది. అయితే ఫ్యాక్టరీలో ప్రతి నంబరుకూ వేరే అచ్చు, వేరే కోత, వేరే నిల్వ కావాలి. అమ్ముడుపోయే మధ్య అంకెలకు ఆ ఖర్చు గిట్టుతుంది. వరుసకు రెండు కొసల్లో ఉన్న పాదాలకు గిట్టదు.

సైక్లింగ్ బూటులో ఈ కోత మరీ గట్టిగా పడింది, ఎందుకంటే అది పుట్టిందే మగవారి పందేల్లో. స్కీయింగ్ బంధనాలు చేసే ఫ్రెంచి కంపెనీ లుక్ 1984లో బూటును పట్టి ఉంచే పెడల్ తెచ్చింది. మరుసటి ఏడు బెర్నార్ ఇనో వాటితోనే టూర్ డి ఫ్రాన్స్ గెలిచాడు. 1990లో జపాన్ కంపెనీ షిమానో, బూటు అడుగున బిగించే రెండు మరల చిన్న క్లీట్‌తో ఎస్‌పీడీ పెడల్ తెచ్చింది. దక్షిణాఫ్రికా నుంచి అమెరికా వెళ్లిన జానీ గోల్డ్‌బర్గ్ గదిలో తొక్కే స్పిన్నింగ్‌ను రూపొందించి, ష్విన్ కంపెనీతో కలిసి 1990ల నడుమ దాన్ని జిమ్ములకెక్కించాడు. పందెం బూటు అలా వ్యాయామపు గదికి చేరింది, దాని అంకెలూ వెంట వచ్చాయి. చాలా కంపెనీల ఆడవారి బూట్లు ఐరోపా నంబరు 36తో మొదలవుతాయి. అంటే అచ్చు పొడవు 24 సెంటీమీటర్లు. ఇరవై ఒకటి, ఇరవై ఒకటిన్నర సెంటీమీటర్ల పాదం అందులో వదులుగా కదులుతుంది. మామూలు బూటైతే లోపల ఇంకో అట్ట వేసి సర్దుకోవచ్చు. ఇక్కడ క్లీట్ బొటనవేలి మొదట్లోని ఎముక దగ్గరికి రావాలి. బూటు పెద్దదైతే క్లీట్ వేళ్ల వైపు ముందుకు జరుగుతుంది, పిక్క మీద బరువు పెరుగుతుంది, మడమ పైకి లేస్తుంది.

ఈ వాదనకు మూడు అభ్యంతరాలు వినిపిస్తాయి. ఒకటి, స్పిన్ సైకిల్ పెడల్‌కు చాలావాటికి పట్టీ ఉన్న బుట్ట కూడా ఉంటుంది, మామూలు బూటుతో తొక్కవచ్చు. నిజమే, ఆరోగ్యానికి అది చాలు. కానీ పక్కవారికి ఉన్న ఎంపిక తనకెందుకు లేదన్న ప్రశ్నకు అది జవాబు కాదు. రెండు, పిల్లల బూటు కొనుక్కోవచ్చు. పిల్లల పాదం ఇంకా ఎదుగుతున్నది, పెద్దవారి చిన్న పాదం ఎదిగి నిలిచినది. పొడవు ఒకటే అయినంత మాత్రాన వెడల్పు, మీగాలి ఎత్తు ఒకటి కావు. మూడోది గట్టిది: అంత చిన్న పాదాలు కొద్దిమందివే, వారి కోసం అచ్చులు ఎవరు పోస్తారు? ఆ కొద్దిమంది ఎంతమందో తేలాలంటే ముందు కొలవాలి. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి వరకు దేశంలో 79 చోట్ల లక్ష మందికి పైగా పాదాలను కొలిపించి, 'భ' అనే భారతీయ కొలతల పద్ధతిని ప్రతిపాదించింది. మన స్త్రీలలో సగటు బ్రిటిష్ నంబరు 4 నుంచి 6 అని ఆ సర్వే తేల్చింది. ఈ లెక్కన 36తో మొదలయ్యే వరుస చాలామందికి సరిపోతుందని వాదించవచ్చు. కానీ అదే సర్వే మన పాదాలు పాశ్చాత్యుల పాదాల కన్నా వెడల్పని కూడా చెప్పింది. అంటే సన్నని అచ్చు మీద పోసిన బూటులో వెడల్పు కోసం పెద్ద నంబరుకు పోవలసి వస్తుంది, అప్పుడు పొడవు మిగులుతుంది. చిన్న పాదం రెండు వైపులా నష్టపోతుంది.

నిజాం నాటి మేడ్చల్ తాలూకా పేరు మీద 2016లో జిల్లా ఏర్పడే నాటికే ఈ పల్లెల్లో నల్సార్, బిట్స్ లాంటి విద్యాసంస్థలు వెలిసి, చదువుకోడానికి వచ్చిన అమ్మాయిల పాదాలు వేలల్లో చేరాయి. అంగడికి వారు చిన్న లెక్కేమీ కాదు. పాత చేతి కొలతను పట్టుకుని వెనక్కి పోనక్కర్లేదు, దాని వెనక వెట్టి ఉంది. నంబరును పారేయనూ అక్కర్లేదు, దాని వెనక సమానత్వం ఉంది. కావలసింది నంబరును ఎవరి కాళ్ల మీద నుంచి తీశామో సరిచూడటం. ఇక్కడి పాదాల నుంచి తీసిన అచ్చులను వాడేవారికి 1973లో పెట్టిన లిడ్‌క్యాప్ లాంటి ప్రభుత్వ తోలు సంస్థ పని నేర్పి పెట్టుబడి అందిస్తే, కొసల్లోని నంబర్లను కొద్ది సంఖ్యలో కుట్టడం గిట్టుబాటవుతుంది. ఆ కూలి ఈసారి కుట్టిన చేతికే చేరాలి. కొలతతో పాటు కూలి కూడా సరిగా ఉన్నప్పుడే ఆ బూటు న్యాయంగా సరిపోయిందనాలి.