పిలుపు మీద వెళ్ళిన సేన: శ్రీలంకలో భారత సైన్యం, 1987–1990

ఒక దేశపు అంతర్యుద్ధంలోకి మరో దేశపు సైన్యం అడుగుపెట్టినప్పుడు, ఆ సైన్యం అక్కడ ఏం చేస్తోందన్న దానికంటే ముందు దాన్ని ఎవరు పిలిచారన్న ప్రశ్న తలెత్తుతుంది. గుర్తింపు ఉన్న ప్రభుత్వం కోరగా వెళ్ళిన సేనను దురాక్రమణగా లెక్కించరాదన్నది అంతర్జాతీయ న్యాయంలో చాలాకాలంగా చెలామణిలో ఉన్న వాదం. దీన్ని ఆహ్వానం మీద జరిగే జోక్యం అనవచ్చు. 1987 జులై చివరి నుంచి 1990 మార్చి దాకా శ్రీలంకలో ఉన్న భారత శాంతి పరిరక్షక దళం (ఐ.పి.కె.ఎఫ్.), అంటే వాడుకలో ‘శాంతి సేన’, ఈ వాదం మీదే నిలబడింది. చివరికి అదే వాదం దాని కాళ్ళ కింది నేలను లాగేసింది.

శ్రీలంక ప్రభుత్వం భారత సేనను పిలవడం అదే మొదటిసారి కాదు. 1971 ఏప్రిల్‌లో జనతా విముక్తి పెరమున, అంటే దక్షిణాది సింహళ యువకులతో కూడిన జె.వి.పి., తిరుగుబాటు చేసినప్పుడు ప్రధాని సిరిమావో బండారనాయకే విజ్ఞప్తిపై భారత హెలికాప్టర్లూ, యుద్ధనౌకలూ వెళ్ళాయి, పని ముగియగానే తిరిగివచ్చాయి. దాని మీద చెప్పుకోదగ్గ రభస జరగలేదు. 1983 జులై తరువాత పరిస్థితి వేరు. ఉత్తరాన 13 మంది సైనికులను తమిళ మిలిటెంట్లు చంపిన దరిమిలా కొలంబోలోనూ, ఇతర పట్టణాల్లోనూ తమిళుల ఇళ్ళు, దుకాణాల మీద దాడులు జరిగి, శరణార్థులు వేల సంఖ్యలో తమిళనాడుకు చేరారు. ఇందిరాగాంధీ అప్పటి విదేశాంగ మంత్రి పి.వి. నరసింహారావును హుటాహుటిన కొలంబో పంపారు. ఒకవైపు రాయబారాలు సాగుతుండగానే మరోవైపు భారత నిఘా వ్యవస్థ తమిళ మిలిటెంటు సంస్థలకు శిక్షణ, ఆయుధాలు సమకూర్చింది. ఆ రెండు పనులూ ఒకే చేతి మీదుగా జరిగాయన్న సంగతి తరువాతి చర్చలో ఎవరికీ మింగుడుపడలేదు.

1987 వేసవిలో శ్రీలంక సైన్యం జాఫ్నా ద్వీపకల్పంలోని వడమరాచ్చి ప్రాంతాన్ని ముట్టడించినప్పుడు, భారత్ సహాయ సామగ్రిని పడవల్లో పంపగా శ్రీలంక నౌకాదళం వాటిని తిప్పిపంపింది. మరునాడు, జూన్ 4న, మిరాజ్ యుద్ధవిమానాలు కాపు కాస్తుండగా రవాణా విమానాలు జాఫ్నా మీద సరుకులు జారవిడిచాయి. దీనికి పిలుపు లేదు సరికదా, గగనతల ఉల్లంఘన అని కొలంబో బహిరంగంగా ఆక్షేపించింది. దాదాపు ఎనిమిది వారాల తరువాత అదే కొలంబోలో అధ్యక్షుడు జె.ఆర్. జయవర్ధనే, భారత ప్రధాని రాజీవ్‌గాంధీ ఒప్పందంపై సంతకాలు చేశారు. ఆకాశంలో విమానాలను చూపించాక అందిన ఆహ్వానం ఎంత స్వచ్ఛందమైనదన్న అనుమానం సింహళ ప్రజల్లో అప్పుడే నాటుకుంది, అది అన్యాయమైన అనుమానమేమీ కాదు.

జులై 29 నాటి ఆ పత్రంలో సేనకు సంబంధించిన మాటలు చాలా కొద్ది. శ్రీలంక ప్రభుత్వం సైనిక సహాయం కోరితే భారత్ అందిస్తుందని ఒక నిబంధన చెబుతుంది. పోరు విరమణకు పూచీ ఉండటానికీ, అవసరమైతే దాన్ని అమలు చేయడానికీ భారత శాంతి పరిరక్షక పటాలాన్ని శ్రీలంక అధ్యక్షుడు ఆహ్వానించవచ్చునని అనుబంధం చెబుతుంది. శాంతి పరిరక్షణ అంటే ఇరుపక్షాలూ ఒప్పుకున్న శాంతికి మధ్యవర్తి కాపలా. అమలు అంటే ఒప్పుకోనివారి మెడలు వంచడం. ఈ రెండూ ఒకే వాక్యంలో పక్కపక్కన కూర్చున్నాయి. పైగా ఆయుధాలు అప్పగించవలసిన తమిళ మిలిటెంటు సంస్థ, ‘పులులు’గా పిలిచే ఎల్‌.టి.టి.ఇ. ఆ పత్రం మీద సంతకం చేసిన పక్షమే కాదు. కొలంబోలో కర్ఫ్యూ నడుమ సంతకాలు జరిగాయి; ప్రధాని రణసింఘే ప్రేమదాస ఆ కార్యక్రమానికి రాలేదు. మరునాడు గౌరవ వందనం స్వీకరిస్తూ వరుస వెంట నడుస్తున్న రాజీవ్‌గాంధీని ఒక నౌకాదళ సైనికుడు తిరగేసిన తుపాకి మడమతో కొట్టబోగా, ఆయన చటుక్కున తల వంచడం వల్ల దెబ్బ మెడకూ భుజానికీ తగిలింది. ఫొటోగ్రాఫర్ల కళ్ళ ముందు జరిగిన ఆ ఒక్క క్షణం శ్రీలంకలోని వ్యతిరేకతను ఏ సంపాదకీయమూ చెప్పలేనంత సూటిగా చెప్పింది.

భారతదేశంలో చర్చ తీరు వేరుగా ఉండటానికి రాజ్యాంగం కూడా ఒక కారణం. యుద్ధం, శాంతి, విదేశీ ఒప్పందాలు కేంద్ర జాబితాలోని అంశాలు. కార్యనిర్వాహక వర్గం, అంటే మంత్రిమండలి, సేనను విదేశానికి పంపాలంటే పార్లమెంటు ముందస్తు అనుమతి తీసుకోవాలన్న నియమం లేదు. అందువల్ల పంపాలా వద్దా అన్న విషయంపై సభలో ఓటింగు జరగనే లేదు. సభ్యులు వాదించుకునేసరికి సైనికులు పలాలి విమానాశ్రయంలో దిగి ఉన్నారు. వామపక్షాలు ఒప్పందాన్ని స్థూలంగా సమర్థించాయి. తమిళనాడు ముఖ్యమంత్రి ఎం.జి. రామచంద్రన్ కేంద్రం పక్షాన నిలవగా, ప్రతిపక్షంలో ఉన్న డి.ఎం.కె. వ్యతిరేకించింది. మొదటి రెండు నెలలు ఈ వ్యతిరేకతకు పెద్దగా బలం చేకూరలేదు, ఎందుకంటే జాఫ్నా జనం సైనికులకు పూలదండలు వేసి స్వాగతం పలికారు.

మొదట వెళ్ళినది సికింద్రాబాదు కేంద్రంగా ఉన్న 54వ పదాతి డివిజను. పదాతి డివిజను అంటే పూర్తి బలంతో పదివేలకు పైగా సైనికులుండే దండు. ఇది మాత్రం కొన్నాళ్ళు కాపలా కాసి తిరిగివస్తామన్న అంచనాతో, తక్కువ బలంతో, భారీ ఆయుధాలు లేకుండా బయలుదేరింది. సెప్టెంబరులో ఎల్‌.టి.టి.ఇ. నాయకుడు తిలీపన్ నల్లూరు కందస్వామి ఆలయం దగ్గర భారత ప్రభుత్వానికి అయిదు డిమాండ్లు పెట్టి, మంచినీళ్ళు కూడా ముట్టకుండా నిరాహారదీక్షకు కూర్చుని 26న కన్నుమూశాడు. గాంధీ పుట్టిన దేశం మీద గాంధీ ఆయుధాన్నే ప్రయోగించిన ఆ దీక్ష జాఫ్నా మనసును తిప్పేసింది. అక్టోబరు తొలివారంలో శ్రీలంక నిర్బంధంలో ఉన్న పులుల్లో పన్నెండుమంది సైనైడు మింగి మరణించడంతో మిగిలిన పొత్తు కూడా తెగిపోయి, అక్టోబరు 10న పులుల మీద భారత సేన దాడి, ‘ఆపరేషన్ పవన్’, మొదలైంది.

ఆ మరుసటి రాత్రి జాఫ్నా విశ్వవిద్యాలయ ఆవరణలో పులుల నాయకత్వాన్ని పట్టుకునేందుకు హెలికాప్టర్లలో దించిన సైనికుల గతి ఈ యుద్ధం మొత్తానికి నమూనాగా నిలిచింది. రేడియో సంభాషణలు విని ముందే పొంచి ఉన్న ఎల్‌.టి.టి.ఇ. మైదానం చుట్టూ ఉన్న భవనాల పైనుంచి కాల్పులు జరపగా, రెండో విడత దళాలను దించడం అసాధ్యమైంది. దిగిన సిక్కు లైట్ ఇన్‌ఫెంట్రీ దళంలోని 30 మంది తెల్లవారేదాకా తూటాలు అయిపోయేవరకూ పోరాడి, ఒక్కడు తప్ప అందరూ చనిపోయారు. పది రోజుల తరువాత జాఫ్నా ఆసుపత్రిలో భారత సైనికుల కాల్పులకు రోగులు, వైద్యులు, నర్సులు కలిపి 60 మందికి పైగా బలయ్యారు. ఈ రెండు ఘటనల్లో ఒకదాన్నే తలచుకుని రెండోదాన్ని మరిచే అలవాటు ఇరుపక్షాల రచయితల్లోనూ ఉంది. ఐ.పి.కె.ఎఫ్. అన్న పొడి అక్షరాలకు ‘ఇన్నొసెంట్ పీపుల్ కిల్లింగ్ ఫోర్స్’ అన్న వెటకారపు విస్తరణ పుట్టింది ఈ కాలంలోనే. శాంతి అన్న మాట పేరులో ఉన్నందువల్లే ఆ వెటకారం అంతగా అంటుకుంది.

ద్వీపం దక్షిణాన మరో అగ్గి రాజుకుంది. తన సైన్యాన్ని ఉత్తరం నుంచి మళ్ళించి జె.వి.పి. మీదికి పంపే వెసులుబాటు జయవర్ధనేకు భారత సేన వల్లే దక్కింది, అయితే భారత సేన ఉనికే జె.వి.పి.కి కొత్త ఊపిరి పోసింది. భారతీయ సరుకులను బహిష్కరించాలని అది పిలుపునిచ్చి, ధిక్కరించినవారిని చంపడానికీ వెనుదీయలేదు. 1988 నవంబరులో మాల్దీవుల అధ్యక్షుడు గయూమ్ పిలుపుపై వెళ్ళిన భారత పారాట్రూపర్లు ఆయన ప్రభుత్వం మీది కుట్రను ఇట్టే అణచేయడంతో ఆహ్వాన సూత్రానికి ఢిల్లీలో మళ్ళీ మెరుగు వచ్చిందిగానీ, శ్రీలంకలో ఆ సూత్రం అప్పటికే ఎదురుతిరగడానికి సిద్ధంగా ఉంది.

1989 జనవరిలో అధ్యక్షుడైన ప్రేమదాస, జూన్ 1న, ఒప్పందం రెండో వార్షికోత్సవమైన జులై 29 లోగా భారత సేన పూర్తిగా వెళ్ళిపోవాలని బహిరంగంగా ప్రకటించారు. అప్పటికి ఆయన ఎల్‌.టి.టి.ఇ.తో నేరుగా చర్చలు మొదలుపెట్టి ఉన్నారు. పిలిచినవాడే పొమ్మంటున్నాడు కనుక ఇక ఉండే హక్కు లేదన్నది ఆయన వాదం. ఢిల్లీ జవాబు, అప్పటికి పి.వి. నరసింహారావు మళ్ళీ విదేశాంగ మంత్రిగా ఉన్న ప్రభుత్వపు జవాబు, మరో తీరుగా సాగింది: సేన వచ్చింది ఒప్పందం కింద, ఒప్పందం ఇరుదేశాలది, అందువల్ల తమిళ ప్రాంతాలకు అధికార వికేంద్రీకరణ అమలుతో పాటే ఉపసంహరణ కాలపట్టిక కూడా ఉమ్మడిగా నిర్ణయం కావాలి. రాజీవ్‌గాంధీ, ప్రేమదాసల మధ్య నడిచిన ఉత్తరాలు చదివితే, రెండేళ్ళ కిందట తమను రక్షించిన ఆహ్వానమన్న మాటను ఢిల్లీ ఎంత జాగ్రత్తగా పక్కకు జరిపిందో తెలుస్తుంది. తర్కం బలం ప్రేమదాస వైపే ఉంది, ఆయన ఉద్దేశాలు ఎంత అనుమానాస్పదమైనా సరే. భారత సేనను ఎదుర్కొనేందుకు ఎల్‌.టి.టి.ఇ.కి ఆయన ప్రభుత్వమే రహస్యంగా ఆయుధాలు ఇచ్చిందని ఆ తరువాత బయటపడింది. జులై 29న సుమారు 600 మందిని లాంఛనంగా ఓడ ఎక్కించి ఇరుపక్షాలూ ముఖం నిలుపుకున్నాయి. సెప్టెంబరులో ఉపసంహరణపై ఒప్పందం కుదిరింది.

ఆ ఏడాది ఎన్నికల్లో కాంగ్రెస్ ఓడి, ఎన్.టి. రామారావు అధ్యక్షుడుగా ఉన్న నేషనల్ ఫ్రంట్ తరఫున వి.పి. సింగ్ ప్రధాని అయ్యారు.  కొత్త ప్రభుత్వం ఉపసంహరణను వేగిరపరచింది. 1990 మార్చి 24న ట్రింకోమలీ రేవు నుంచి చివరి దళం కదిలేనాటికి దాదాపు 1,200 మంది భారత సైనికులు మరణించి ఉన్నారు. మద్రాసు రేవులో జరిగిన స్వాగతానికి, అప్పటికి తమిళనాడు ముఖ్యమంత్రిగా ఉన్న డి.ఎం.కె. నేత కరుణానిధి రాలేదు. తమిళులను చంపిన సైన్యానికి స్వాగతం చెప్పలేనన్నది ఆయన చెప్పిన కారణం. మరుసటి ఏడాది మే 21న శ్రీపెరుంబుదూరులో ఎల్‌.టి.టి.ఇ. చేతిలో రాజీవ్‌గాంధీ హత్య జరిగాక ఆ గైర్హాజరీని మెచ్చినవారు కూడా గొంతు తగ్గించారు.

చనిపోయిన ఆ సైనికుల పేర్లు చెక్కిన స్మారకం తొలుత లేచింది భారత రాజధానిలో కాదు. వెళ్ళిపొమ్మన్న దేశంలోనే, కొలంబో శివారులో, శ్రీలంక పార్లమెంటుకు దగ్గరలో ఉన్న బత్తరముల్లలో, నల్లరాతి మీద ఆ పేర్లు వరుసగా ఉన్నాయి.