మదరాసు – బొంబాయి: ఒక ప్రయాణపు లెక్క

మన పెండ్లిమర్రి వారు బొంబాయి పోవాలంటే కడపలో రైలెక్కడమే అలవాటు. మదరాసు నుంచి, బొంబాయి నుంచి వేసుకొచ్చిన రెండు కంపెనీల పట్టాలు 1871లో రాయచూరు వద్ద కలిశాయి. ఈ కొస నుంచి ఆ కొసకు సుమారు 1,280 కిలోమీటర్లు. ఇప్పటికీ దాదాపు ఒక పగలు, ఒక రాత్రి.

1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి బొంబాయికి విమానంలో తపాలా తెచ్చారు. నెవిల్ విన్సెంట్ దానిని అందుకుని, రాత్రికి బళ్లారిలో ఆగి, మరునాడు మదరాసు చేర్చారు. ఆకాశమార్గం సుమారు 1,030 కిలోమీటర్లే. నేటి విమానానికి రెండు గంటలు చాలు.

పొరుగున బళ్లారిలో నాడే దిగిన విమానం, ప్రయాణికుల సర్వీసుగా కడపకు వచ్చింది 2015 జూన్‌లో. నడుమ 83 ఏళ్లు! దూరాన బిడ్డలున్న మనబోటి వారికి ఇది కడచూపు లెక్క కూడా.